బెంగళూరులో పీజీ బిల్డింగ్, గోడౌన్, ఫార్మ్ ప్లాట్ కొని అద్దెలు తినాలనుకునేవాళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

కేఆర్ పురం, మారతహళ్ళి, బీటీఎం వైపు మనవాళ్ళు నలుగురు కలిస్తే మాట సైట్ల మీదికి వెళ్ళకుండా ఉండదు. ఫ్లాట్ అద్దె ఈఎంఐలో సగానికి కూడా రావట్లేదు, పీజీ బిల్డింగైతే లక్షల్లో వస్తుందంట, నిజమేనా అని వారానికి రెండు ఫోన్లైనా వస్తాయి. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి ఇలా రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. పన్నులు, ఫీజుల అంకెలు ప్రభుత్వాలు మారుస్తూ ఉంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు మీ ఆడిటర్‌ని ఒకసారి అడగండి.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నప్పుడు

అందరిలా ఒక ఫ్లాట్ కొని అద్దెకిచ్చుకుంటే పోలా? ఈ తలనొప్పులు దేనికి?

పోతుంది. మీకు ఆదివారం ప్రశాంతంగా గడవాలంటే అదే చేయండి. కాకపోతే లెక్క తెలిసి చేయండి. కోటి రూపాయల ఫ్లాటుకి నెలకి 28 వేలు అద్దె వస్తోందనుకోండి. ఏడాదికి 3,36,000. అందులో మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, ఒక నెల ఖాళీ, రంగులు తీసేస్తే కోటికి మూడు శాతం కూడా మిగలదు. బ్యాంకులో ఎఫ్‌డీ అంతకంటే ఎక్కువిస్తుంది. ఫ్లాట్ కొనేవాళ్ళు రేటు పెరుగుతుందన్న ఆశతో కొంటారు, అద్దె కోసం కాదు.

పీజీ, గోడౌన్, ఖాళీ సైటు అద్దె లాంటివాటిలో నెలసరి రాబడి ఎక్కువ కనపడుతుంది. నిజానికి ఆ ఎక్కువలో పెద్ద భాగం కూలి. కుక్ రాని రోజు మీరు పడే టెన్షన్, రాత్రి పదకొండుకి మోటారు కాలిపోయిందని వచ్చే ఫోన్, వీటికి దొరికే కూలి. అది అద్దె అనుకుని దిగినవాళ్ళే నిరాశపడతారు.

అసలు ఏవేవి ఈ లెక్కలోకి వస్తాయి?

పీజీ బిల్డింగులు, చిన్న గోడౌన్లు, షెడ్లు, ఆసుపత్రుల దగ్గర పార్కింగ్‌కి ఇచ్చే ఖాళీ సైట్లు, క్లౌడ్ కిచెన్ గదులు, ఏటీఎం గది, నంది కొండల వైపు ఫార్మ్ స్టేలు, సెల్ టవర్‌కి ఇచ్చే మిద్దె. ఆస్తి కొనకుండా ఆస్తి అద్దెలో వాటా తీసుకునే రీట్లు కూడా. ఖాళీ సైటుని చాలామంది తక్కువగా చూస్తారు. మంచి రోడ్డు మీది సైటుని నర్సరీకో, కార్ వాష్‌కో, సాయంత్రం టిఫిన్ బండ్లకో ఇచ్చి, ఇల్లు కట్టే ఖర్చు లేకుండా నెలనెలా తీసుకుంటున్నవాళ్ళు నాకు తెలుసు. పెద్ద మొత్తం రాదు కానీ, కట్టిన ఇంట్లో లీకేజీ లాంటి బాధా ఉండదు. పైగా సైటుని ఎవరూ ఆక్రమించకుండా కాపలా దొరికినట్టే.

నా దగ్గర 12, 15 లక్షలే ఉన్నాయి. ఏమైనా దారి ఉందా?

ఉంది, రీట్. పెద్ద ఆఫీసు పార్కులు, మాల్స్ కొన్ని ఒక ట్రస్టు కింద ఉంటాయి, మీరు షేర్లలాగే దాని యూనిట్లు స్టాక్ ఎక్స్చేంజిలో కొంటారు. దేశంలో మొదటిది బెంగళూరు కేంద్రంగా ఉన్న ఎంబసీ ఆఫీస్ పార్క్స్, 2019 ఏప్రిల్‌లో లిస్టయింది. పంచడానికి మిగిలిన నగదులో కనీసం 90 శాతం యూనిట్లున్నవాళ్ళకి పంచాలన్నది సెబీ (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) నియమం. ఒక్క యూనిట్ కూడా కొనొచ్చు, అమ్మాలంటే అదే రోజు అమ్ముకోవచ్చు.

ఇంకోటి చిన్న, మధ్యతరహా రీట్. పది మంది కలిసి ఒక ఆఫీసు అంతస్తు కొనడం అనే పద్ధతి ఏ నియమాలూ లేకుండా నడుస్తుంటే, 2024లో సెబీ దాన్ని నియమాల్లోకి తెచ్చింది. ఒక్కో పథకం 50 కోట్ల నుంచి 500 కోట్ల లోపు ఆస్తితో ఉండాలి, మనం పెట్టాల్సిన కనీస మొత్తం 10 లక్షలు. ఇలా మొదట లిస్టయిన ప్రాప్‌షేర్ ప్లాటినా చేతిలో ఉన్నది మన ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసు బిల్డింగులోని అంతస్తులే. సెబీ రిజిస్ట్రేషన్ లేకుండా వాట్సాప్‌లో వాటాలు అమ్మేవాళ్ళ జోలికి మాత్రం పోకండి.

మేము అమెరికాలో ఉంటాం. మా మామయ్య బెంగళూరులో చూసుకుంటారు. ఏది కొనాలి?

ఎన్నారైలు ఇళ్ళు, వాణిజ్య ఆస్తులు కొనొచ్చు. వ్యవసాయ భూమి, ఫార్మ్‌హౌస్, తోటలు కొనకూడదు, విదేశీ మారకపు చట్టం ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే వేరే సంగతి. ఇక మామయ్య చూసుకుంటారంటారా, పీజీ మాత్రం వద్దు. అది చూసుకునే పని కాదు, రోజూ చేసే పని. ఏడాది తిరిగేసరికి బంధుత్వం చెడుతుంది.

## వెతుకుతున్నప్పుడు

పీజీ బిల్డింగ్ అమ్మేవాళ్ళు 60 బెడ్లు, నెలకి 5 లక్షలు అంటున్నారు. నమ్మొచ్చా?

కాగితం మీద 5 లక్షలు తప్పు కాదు. 60 బెడ్లు, సగటున 8,500 చొప్పున 5,10,000. ఇప్పుడు మనం లెక్క వేద్దాం. ఏడాది పొడుగునా 60 నిండవు. 48 నిండాయనుకోండి, వచ్చేది 4,08,000. తిండికి మనిషికి 2,700 లెక్కన సుమారు 1,30,000. కుక్, హెల్పర్, హౌస్‌కీపింగ్, మేనేజర్ కలిపి 70 వేలు. కరెంటు 30 వేలు, నీళ్ళు 15 వేలు, వైఫై, రిపేర్లు, బెడ్ నింపిన బ్రోకర్ కమిషన్ కలిపి 23 వేలు. మిగిలేది 1,40,000. ఇది మీ సొంత బిల్డింగైతే. లోను ఉంటే ఈఎంఐ అందులోంచే పోవాలి.

అదే 36 బెడ్లకి పడిపోతే? వచ్చేది 3,06,000. తిండి ఒక్కటే తగ్గుతుంది, మిగతా ఖర్చులు అలాగే ఉంటాయి. చేతిలో మిగిలేది 71 వేల లోపే. అంటే 12 మంది ఖాళీ చేస్తే మీ ఆదాయం సగమైంది. ఐటీ కంపెనీలు ఇంటి నుంచి పని అన్న 2020లో ఈ ఊళ్ళో పీజీలు ఏమయ్యాయో చూసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంకో మెలిక ఉంది. బెంగళూరు పాలికె (నగరపాలక సంస్థ) 2024లో పీజీలకి పెట్టిన నియమాల ప్రకారం ఒక్కో మనిషికి కనీసం 70 చదరపు అడుగులు, రోజుకి 135 లీటర్ల నీళ్ళు ఇవ్వాలి. 60 మందికి గదులే 4,200 చదరపు అడుగులు కావాలి. 30×40 సైటంటే నేల మొత్తం 1,200 చదరపు అడుగులు. మెట్లు, వంటగది, ఖాళీ వదలాల్సిన జాగా తీసేయండి. గ్రౌండ్ ప్లస్ 3 కట్టినా నిబంధన ప్రకారం 40 బెడ్లు పట్టడమే కష్టం. అమ్మేవాళ్ళు చెప్పిన బెడ్ల సంఖ్య కాదు, టేపు పట్టుకుని మీరు కొలిచిన సంఖ్యతో ధర మాట్లాడండి.

బిల్డింగ్ కాదన్నా, నడుస్తున్న పీజీ అమ్ముతున్నారు, 18 లక్షలంట. తీసుకోనా?

ఇది ఆస్తి కొనడం కాదు, వ్యాపారం కొనడం. మీ చేతికొచ్చేవి మంచాలు, పరుపులు, ఫ్రిజ్, వంట సామాను, బిల్డింగ్ ఓనర్‌తో ఉన్న అగ్రిమెంటులో మిగిలిన కాలం. నేల మీద మీకు ఏ హక్కూ ఉండదు.

నేను 2017లో బీటీఎంలో ఇలాగే ఒకటి తీసుకుని దెబ్బతిన్నాను. చూడటానికి వెళ్ళిన రెండు ఆదివారాలూ మంచాలన్నీ నిండుగా ఉన్నాయి. చేతికొచ్చిన నెలలోనే పదకొండు మంది వెళ్ళిపోయారు. వాళ్ళు అమ్మినాయన ఊరివాళ్ళట, ఊరికే కూర్చోబెట్టాడు. అదైనా పోనీ అనుకుంటే, వెళ్ళేవాళ్ళంతా అడ్వాన్స్ తిరిగివ్వమని నా మెడ మీద కూర్చున్నారు. ఆ అడ్వాన్సులన్నీ పాతాయన జేబులోనే ఉన్నాయి. అగ్రిమెంటులో నేను ఆ మాటే రాయించుకోలేదు.

అందుకే ఆదివారం కాదు, మంగళవారం రాత్రి భోజనాల వేళ వెళ్ళి తలకాయలు లెక్కపెట్టండి. ఆరు నెలల యూపీఐ, బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. ఉన్నవాళ్ళ అడ్వాన్సులు పేరు పేరునా జాబితా రాయించి, ఆ మొత్తం ధరలో తగ్గించండి. బిల్డింగ్ ఓనర్ మీ పేరున కొత్త అగ్రిమెంటు రాసిస్తేనే డబ్బు ఇవ్వండి. ఆయన ఊరెళ్ళాడు, వచ్చాక సంతకం పెడతాడు అంటే మీరూ ఊరెళ్ళిపోండి.

గోడౌన్ కొంటే పీజీకంటే ప్రశాంతం అంటారు?

నిజమే. ఒకే కిరాయిదారు, తిండి గొడవ లేదు, అర్ధరాత్రి ఫోన్లు లేవు. ఖాళీ అయితే మాత్రం ఆరు నెలలు, ఏడాది ఖాళీగానే ఉంటుంది. ఆ ఏడాది ఈఎంఐ కట్టే స్తోమత ఉంటేనే దిగండి.

హోస్కోటె, నెలమంగళ, దాబస్‌పేట, అత్తిబెలె వైపు పెద్ద కంపెనీల గోడౌన్లు లక్షల అడుగుల్లో ఉంటాయి, అక్కడ మనకి పనిలేదు. మనలాంటివాళ్ళకి పనికొచ్చేది 2,000 నుంచి 5,000 అడుగుల షెడ్డు. టైల్స్ డీలర్, బిస్కెట్ల డిస్ట్రిబ్యూటర్, టెంట్ హౌస్ వాళ్ళు తీసుకుంటారు. వాళ్ళు చూసేవి మూడే: లారీ లోపలికి వచ్చి తిరగగలదా, వానాకాలం నీళ్ళు నిలుస్తాయా, త్రీఫేజ్ కరెంటు ఉందా. మీరు చూడాల్సింది భూమి వ్యవసాయేతరానికి మారిందా, మాస్టర్ ప్లాన్‌లో ఆ జోన్‌లో గోడౌన్‌కి చోటుందా. పొలంలో షెడ్డు వేసి రేకులు కప్పినంత మాత్రాన అది గోడౌన్ అయిపోదు.

చిక్కబళ్ళాపుర దగ్గర ఫార్మ్ ప్లాట్, 5 గుంటలు, మామిడి చెట్లు వాళ్ళే పెంచి ఏటా డబ్బిస్తారంట?

ఇక్కడ 40 గుంటలు ఒక ఎకరం. 2020లో భూసంస్కరణల చట్టం సవరించాక కర్ణాటకలో రైతు కానివాళ్ళు కూడా వ్యవసాయ భూమి కొనొచ్చు, ఆ భయం లేదు. భయపడాల్సింది వేరేచోట. 5 గుంటలు అన్నప్పుడు మీ పేరున వేరే పహణి (భూమి హక్కుల రికార్డు) వస్తుందా, లేక పెద్ద సర్వే నంబరులో విడదీయని వాటా ఇస్తారా? సర్వే నంబరులో కొంత భాగం అమ్మాలంటే ఆ భాగాన్ని కొలిచి గీసిన సర్వే పటం, 11ఈ స్కెచ్ కావాలి. అది చూపించలేకపోతే రేపు మీ 5 గుంటలు ఏ మూల ఉన్నాయో మీకే తెలియదు.

రెండోది, మనకి అసైన్డ్ భూముల గొడవ ఎలాగో ఇక్కడ పీటీసీఎల్ చట్టం అలాగ. ఎస్సీ, ఎస్టీలకి ప్రభుత్వం ఇచ్చిన భూమిని అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. 2023 సవరణతో ఎన్నేళ్ళు గడిచినా ఆ భూమి తిరిగి అడిగే హక్కు వాళ్ళకి వచ్చింది. నాలుగు చేతులు మారి వచ్చినా సరే, మొదటి మంజూరు పత్రం దాకా వెనక్కి వెళ్ళి చూడాల్సిందే.

ఏటా డబ్బిస్తామన్న మాట మీద నాకు గురి లేదు. 5 గుంటల మామిడి ఎంత కాస్తుందో మన చిత్తూరువాళ్ళని అడిగితే నవ్వుతారు. వాళ్ళిచ్చే డబ్బు సాధారణంగా మీరు కట్టిన డబ్బులోంచే వస్తుంది.

మిద్దె మీద టవర్ పెడతాం, నెలకి 40 వేలు, ముందు ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఫీజు కట్టమని ఫోన్ వచ్చింది.

మోసం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ టవర్లకి ఎన్‌ఓసీ ఇవ్వదు, ఎవరి దగ్గరా ఫీజు తీసుకోదు. నిజమైన టవర్ కంపెనీ మీకు డబ్బిస్తుంది, మిమ్మల్ని అడగదు.

రోడ్డు మీద బిల్డింగ్, హోర్డింగ్ అద్దె కూడా వస్తుందని కలిపి రేటు చెప్తున్నారు.

ఆ అద్దెని సున్నా వేసుకుని ధర కట్టండి. 2018లో హైకోర్టు కన్నెర్ర చేశాక ఊళ్ళో హోర్డింగులన్నీ పీకేశారు. ఇలాంటి ఆదాయం ఒక్క ఆర్డరుతో పోతుంది.

## కాగితాల దగ్గర

ఏ-ఖాతా, బీ-ఖాతా గొడవేంటి? బీ-ఖాతా చవగ్గా వస్తోంది కదా?

ఖాతా అంటే పాలికె దగ్గర మీ ఆస్తికుండే పన్ను రికార్డు. ఏ-ఖాతా అంటే లేఅవుట్, ప్లాన్ అనుమతులన్నీ సక్రమంగా ఉన్న ఆస్తి. బీ-ఖాతా అంటే పన్ను కట్టించుకుంటున్నారు కానీ సక్రమమని ఒప్పుకోలేదు. బీ-ఖాతాకి ప్లాన్ శాంక్షన్, బ్యాంకు లోను, ట్రేడ్ లైసెన్సు, అన్నీ కష్టమే. రుసుము కట్టించుకుని బీ-ఖాతా సైట్లని ఏ-ఖాతాకి మార్చే పథకం 2025 నవంబరులో మొదలైంది. అమ్మేవాళ్ళు అది చూపించి 'రేపో మాపో ఏ-ఖాతా అయిపోతుంది' అంటారు. అయ్యాక రమ్మనండి. లేదా మార్పిడి ఖర్చు ధరలో తగ్గించమనండి.

2024 అక్టోబరు నుంచి ఈ-ఖాతా (కంప్యూటర్లోకి ఎక్కిన ఖాతా) లేకుండా బెంగళూరులో రిజిస్ట్రేషన్ అవ్వదు. ఊరి అంచుల్లో గ్రామ పంచాయతీ ఆస్తులకి ఈ-స్వత్తు అనే ఆన్‌లైన్ రికార్డు ఉంటుంది, అందులో ఫారం 9, 11 అడగండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 30 ఏళ్ళకి మీరే తీసుకోండి. వాళ్ళిచ్చిన జిరాక్సు చూసి ఊరుకోవద్దు.

ప్లాన్ గ్రౌండ్ ప్లస్ 2కి ఉంది, కట్టింది 5 అంతస్తులు. ఏరియాలో అందరూ అలాగే కట్టారంటున్నారు.

అవును, అందరూ అలాగే కట్టారు. నోటీసు వచ్చినప్పుడు మాత్రం మీ ఒక్కరికే వస్తుంది. పక్కింటివాళ్ళకి మీ పీజీ కుర్రాళ్ళ బైకులు నచ్చకపోతే చాలు, ఎవరో ఒకరు ఫిర్యాదు రాస్తారు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారం కట్టారు, ఉండొచ్చు అని ఇచ్చే పత్రం) లేని కట్టడాలకి కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వకూడదని చెప్పింది. పాత కనెక్షన్ ఉన్నా, పీజీకి లోడు పెంచాలంటే కరెంటు సంస్థ బెస్కామ్ దగ్గర మళ్ళీ ఈ కాగితాల ప్రశ్నే లేస్తుంది.

ట్రేడ్ లైసెన్సుకి రోడ్డు వెడల్పు కూడా అడ్డొస్తుంది. నివాస ప్రాంతంలో 40 అడుగులకంటే సన్నని రోడ్డైతే వాణిజ్యానికి లైసెన్సు దొరకడం కష్టం. పై రెండంతస్తుల ఆదాయాన్ని లెక్కలోంచి తీసేసి చూడండి. అప్పటికీ గిట్టుబాటైతేనే మాట్లాడండి.

అందులో ఇప్పుడున్నవాళ్ళు 'లీజు' మీద ఉన్నారంటున్నారు. అంటే?

బెంగళూరులో లీజు అంటే మన భోగ్యం లాంటిది. 15, 20 లక్షలు ఒకేసారి ఇచ్చి రెండు మూడేళ్ళు అద్దె లేకుండా ఉంటారు, వెళ్ళేటప్పుడు మొత్తం తిరిగివ్వాలి. నాలుగు పోర్షన్లున్న బిల్డింగులో నలుగురూ లీజు మీద ఉంటే మీరు కొంటున్నది 60, 80 లక్షల అప్పుని కూడా. ఓనరు ఆ డబ్బు ఎప్పుడో వాడేసుకుని ఉంటాడు. ఇంటింటికీ వెళ్ళి వాళ్ళ అగ్రిమెంటు చూడండి. మీరెవరు చూడటానికి అని అడుగుతారు, ఫర్వాలేదు. ఈ లీజు ఒప్పందాలు చాలావరకు రిజిస్టర్ అవ్వవు, ఈసీలో కనపడవు.

రిజిస్ట్రేషన్‌కి ఎంత పక్కన పెట్టుకోవాలి?

నగరంలో 45 లక్షలు దాటితే స్టాంపు డ్యూటీ, సెస్సు, సర్‌చార్జి కలిపి 5.6 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31న 1 శాతం నుంచి 2 శాతానికి పెరిగింది. మొత్తం 7.6. కోటికి 7,60,000. లాయరు, బ్రోకరు అదనం. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్ళకి ఇచ్చే డబ్బులోంచి మీరు 1 శాతం టీడీఎస్ పట్టి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్ళు ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క పనికిరాదు, చాలా ఎక్కువ పట్టాలి.

## చేతికొచ్చాక

నేనే నడపాలా, ఆపరేటర్‌కి ఇచ్చేయాలా?

ఉద్యోగం ఉంటే ఆపరేటర్‌కే. కడప, అనంతపురం, నెల్లూరు నుంచి వచ్చి పీజీలు నడిపే పనిలోనే ఉన్నవాళ్ళు ఈ ఊళ్ళో బోలెడుమంది. నెలకి ఇంత అని మాట్లాడుకుని, అడ్వాన్స్ తీసుకుని ఇచ్చేయండి. కాస్త తక్కువే వస్తుంది, కానీ ఖాళీ బెడ్ల బాధ వాళ్ళది. అగ్రిమెంటు ఏడాది దాటితే రిజిస్టర్ చేయించండి. ఇంకొకరికి మళ్ళీ అద్దెకివ్వకూడదు, బెడ్లు ఇన్నే వేయాలి, గదుల్ని చెక్కలతో విడగొట్టకూడదు అని రాయించండి. రాయకపోతే మూడో నెలకి మీ హాలు రెండు గదులై ఉంటుంది. ఏం జరిగినా కాగితం మీద ఓనరు మీరే, పోలీసు, పాలికె ముందు మిమ్మల్నే పిలుస్తారు.

నీళ్ళ సంగతేంటి? బోరు ఉందంటున్నారు.

బోరు ఉండటం వేరు, ఏప్రిల్‌లో అందులో నీళ్ళుండటం వేరు. 2024 వేసవిలో వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల రేట్లు కొండెక్కితే అధికారులే ధర నిర్ణయించాల్సి వచ్చింది. 5 కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకర్‌కి 1,000 రూపాయలు అన్నారు. మనిషికి 135 లీటర్ల చొప్పున 48 మందికి రోజుకి దాదాపు 6,500 లీటర్లు. బోరు పూర్తిగా ఎండితే ప్రభుత్వ రేటు దొరికినా నెలకి 16 ట్యాంకర్లు, 16 వేలు. ఆ రేటు దొరకదని మీకూ తెలుసు. కొనే ముందు కావేరి కనెక్షన్ బిల్లు చూడండి. వీలైతే వేసవిలోనే బిల్డింగ్ చూడటానికి వెళ్ళండి.

జీఎస్టీ కట్టాలా?

పీజీలో ఒక్కో మనిషి నుంచి నెలకి 20,000 లోపు తీసుకుంటూ, కనీసం 90 రోజులు వరసగా ఉండేవాళ్ళైతే జీఎస్టీ లేదు, 2024లో జీఎస్టీ కౌన్సిల్ తేల్చేసింది. వారం, పది రోజుల కోసం వచ్చేవాళ్ళకి ఈ మినహాయింపు వర్తించదు. గోడౌన్, షాపు అద్దె వాణిజ్యం కిందికి వస్తుంది, మీ మొత్తం ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్టరై 18 శాతం వసూలు చేసి కట్టాలి.

ఆదాయపన్నులో ఈ డబ్బుని ఏమని చూపించాలి?

బిల్డింగ్ ఆపరేటర్‌కి అద్దెకిస్తే అది ఇంటి ఆస్తి ఆదాయం. కట్టిన ఆస్తి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్లకని అడక్కుండానే తగ్గిస్తారు, లోను వడ్డీ వేరే. మీరే తిండి పెట్టి పీజీ నడిపితే అది వ్యాపార ఆదాయం. ఆ 30 శాతం రాదు, బిల్లులున్న ఖర్చులే తగ్గుతాయి. కూరగాయల బండివాడు బిల్లు ఇవ్వడు కాబట్టి రోజూ పుస్తకం రాసుకోండి.

## బయటపడాలనుకున్నప్పుడు

ఇలాంటివి మళ్ళీ అమ్మడం కష్టమా?

కష్టమే. ఫ్లాటు కొనేవాళ్ళు వంద మంది ఉంటే పీజీ బిల్డింగ్ కొనేవాళ్ళు ముగ్గురుంటారు, ఆ ముగ్గురూ మీకంటే లెక్కలు తెలిసినవాళ్ళే. అయితే ఒక సంగతి. గదులకి విడి బాత్రూములు పెట్టేటప్పుడు, రేపు రెండు గదులు కలిపి ఒక వన్ బీహెచ్‌కే చేసుకునేలా ప్లంబింగ్ పెట్టుకున్నవాళ్ళు తేలిగ్గా బయటపడ్డారు. కొనేవాళ్ళకి పీజీ ఇష్టం లేకపోతే ఫ్యామిలీలకి ఇచ్చుకుంటారు. పదహారు చిన్న గదుల గూడు కట్టినవాళ్ళకి ఆ దారి లేదు.

అమ్మితే పన్నెంత?

24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం. 2024 జూలై 23కి ముందు కొన్న నేల, బిల్డింగైతే ఇక్కడ నివాసం ఉండేవాళ్ళు ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం పద్ధతి కూడా లెక్కేసుకుని, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. 24 నెలల లోపలే అమ్మితే మీ మామూలు స్లాబు ప్రకారం. మంచాలు, ఫ్రిజ్‌ల డబ్బుని సేల్ డీడ్‌లో బిల్డింగ్ ధరతో కలిపేయకండి, వేరే కాగితం రాసుకోండి.